ఒక్కొక్కరికి ఒక్క సంచి

శీతాకాలం సెలవుల్లో ఒక రాత్రి ఆరుబయట గుడారం వేసుకుని గడిపి రావాలన్న కోరిక ఈసారి మా ఇంట్లో పిల్లలకు కలిగింది. పిల్లలు అడిగారు, మగవారు సరేనన్నారు, దాదీమా చిరునవ్వు నవ్వారు. అంతా కుదిరిందని అనుకుంటూ ఉండగా వంటింటి గుమ్మంలో నిలబడి పెద్ద కోడలు నెమ్మదిగా ఒక మాట అన్నారు: "మీరంతా వెళ్ళి రండి. మేమిద్దరం ఇంట్లోనే ఉంటాము."

ఆ మాటలో కోపం లేదు. కనుకనే మాకు మరింత గట్టిగా తగిలింది. మాది శ్రీకాకుళంలో తొమ్మిది మంది ఉన్న ఉమ్మడి కుటుంబం. దాదీమా, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు, నలుగురు పిల్లలు. ఇంటికి మూలస్తంభాల వంటి ఇద్దరు రామంటే అది కుటుంబ విహారం ఎలా అవుతుంది? కారణం అడిగే అవసరం కూడా మాకు కలగలేదు. క్రిందటి సంవత్సరపు ప్రయాణం మా అందరికీ గుర్తున్నది.

నిరుడు కళింగపట్నం వద్ద

నిరుడు మేము కళింగపట్నం తీరానికి వెళ్ళాము. శ్రీకాకుళానికి పాతిక, ముప్పై కిలోమీటర్ల దూరంలో వంశధార నది బంగాళాఖాతంలో కలిసే చోటు అది. పక్కనే దీపస్తంభం, దూరాన చేపల పడవలు, కనుచూపు మేర ఇసుక. చూడవలసిన చోటే. కాని ఆనాడు మేము ఒక రాత్రికి మోసుకెళ్ళిన సామాను ఒక పెళ్ళివారి విడిదికి సరిపోతుంది. గ్యాసు పొయ్యి, సిలిండరు, బిర్యానీ దేగిశా, మూడు రకాల మసాలాలు, పింగాణీ పళ్ళేలు, పరుపులు, దిండ్లు, రెండు కుర్చీలు, ఆఖరుకు అప్పడాల డబ్బా కూడా వెంట వచ్చాయి.

అన్నీ వచ్చాయి గాని ఒకటి రాలేదు. దాదీమాకు మధుమేహం. రాత్రి భోజనానికి ముందు ఇన్సులిన్ వేసుకోవాలి. ఇన్సులిన్ పెన్ను జాగ్రత్తగా తెచ్చాము. దానికి తగిలించే సూదుల డబ్బా ఇంట్లో ఫ్రిజ్ మీదనే ఉండిపోయింది. చీకటిలో మాలో ఒకరు శ్రీకాకుళం తిరిగి వెళ్ళి అవి తెచ్చేవరకు దాదీమా ఆకలితో కూర్చున్నారు. "ఏం కాదులే బేటా" అంటూనే ఉన్నారు. ఆ "ఏం కాదులే" మమ్మల్ని ఇప్పటికీ సిగ్గుపరుస్తుంది.

రెండవ సంగతి తిరిగి వచ్చాక తెలిసింది. సముద్రం ఎలా ఉందని పక్కింటివారు అడిగితే మా ఏడేళ్ళ పాప చెప్పిన జవాబు ఇది: "నాకు చాలా బాగుంది. అమ్మీకి మాత్రం సముద్రం గిన్నెలు కడిగేటప్పుడే కనిపించింది." చిన్నపిల్ల కల్పించి చెప్పలేదు, చూసింది చెప్పింది. మేము ఇసుకలో నడిచిన సమయమంతా కోడళ్ళిద్దరూ గాలికి ఆరిపోయే పొయ్యితో పోరాడారు. ఇంట్లో వంటగది ఉన్నది. అక్కడ మేము దానిని మరింత కష్టమైన చోటికి మార్చామే తప్ప వారికి విశ్రాంతి నివ్వలేదు.

తిత్లీ రాత్రి నేర్పినది

ఆ సాయంత్రం మగ్రిబ్ నమాజు తరువాత అందరం కూర్చుని మష్వరా చేశాము. దాదీమా కొంతసేపు విని, సంబంధం లేనిదిగా తోచే ఒక ప్రశ్న వేశారు: "తిత్లీ తుఫాను నాడు మనం ఎన్ని పెట్టెలు సర్దాము?"

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస ప్రాంతంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి తోటలు, జీడితోటలు నేలకొరిగాయి. ఎన్నో ఊళ్ళు రోజుల తరబడి చీకటిలో ఉన్నాయి. ఆ ముందు రాత్రి మేము కూడా ఇల్లు విడవవలసి వస్తుందేమోనని సామాను సర్దుకున్నాము. ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, ఇంటి కాగితాలు ప్లాస్టిక్ సంచిలో చుట్టాము. దాదీమా మందులు, టార్చిలైటు, అగ్గిపెట్టె, కొవ్వొత్తులు, ఖర్జూరాలు, అటుకులు, మంచినీళ్ళు, ఒక్కొక్కరికి ఒక జత బట్టలు, ముస్హఫ్. అంతే. గంటలో పని ముగిసింది. ఒక్కటి కూడా మరువలేదు.

"భయంతో సర్దుకున్న రోజున తొమ్మిది మందికి రెండు సంచులు సరిపోయాయి. సంతోషంగా వెళ్ళే రోజున వ్యాను ఎందుకు చాలలేదు?" అన్నారు దాదీమా.

మాలో ఎవరి వద్దా జవాబు లేదు. ఆలోచించగా తోచినది ఇది. తుఫాను రాత్రి మేము 'ఎవరికి ఏది లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది' అని ఆలోచించి సర్దాము. కళింగపట్నానికి 'ఇంట్లో ఉన్న సుఖంలో ఏదీ తగ్గకూడదు' అని సర్దాము. మొదటి ఆలోచన మనుషులను చూస్తుంది. రెండవది వస్తువులను చూస్తుంది. దాదీమా సూదులు మరపున పడింది అందువల్లనే. పైగా ఆ సుఖాన్ని మోసేది, వండేది, కడిగేది ఎవరో అన్న లెక్క మేము వేయనే లేదు.

దైవప్రవక్త (సఅసం) ఇంట్లో ఉన్నప్పుడు ఏమి చేసేవారని అడిగినప్పుడు, ఇంటివారి పనిలో తోడ్పడేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపిన సంగతి మేమందరం చిన్నప్పటి నుండి విన్నదే. విన్నదానిని గుడారం దాకా తీసుకువెళ్ళలేకపోయామన్నది మా లోపం.

దాదీమా పెట్టిన షరతులు

ముగ్గురు కలిసి ప్రయాణం చేసినా ఒకరిని అమీరుగా ఎంచుకోవాలన్నది ప్రవక్త (సఅసం) వారి బోధన. ప్రయాణానికి పెద్దన్నను అమీరుగా ఎంచుకున్నాము. సామాను విషయంలో మాత్రం దాదీమా మాటే చివరిదని తీర్మానమయింది. ఆమె మూడు షరతులు పెట్టారు. ఒకటి, ఒక్కొక్కరికి ఒక్క సంచి, ఎవరి సంచి వారే సర్దాలి, వారే మోయాలి. రెండు, ఉమ్మడి సామాను ఒక్క ట్రంకు పెట్టెలో పట్టాలి. మూడు, ఆ పెట్టె సర్దే పని, అక్కడి వంట, గిన్నెలు మగవారివి, పిల్లలవి. కోడళ్ళు ఎవరికీ ఏదీ అందించరాదు, గుర్తు చేయరాదు.

మూడవ షరతు విని కోడళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. "అయితే వస్తాము" అన్నారు.

తాటిపూడికి వెళ్ళాలని నిశ్చయించుకున్నాము. విజయనగరం జిల్లా గంట్యాడ మండలంలో గోస్తనీ నది మీద 1960లలో కట్టిన జలాశయం అది. గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహలను తాకుతూ దిగి, తాటిపూడి వద్ద ఆగి, ఆపై భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. చుట్టూ తూర్పు కనుమల కొండలు. నీటికి కొంత ఎడంగా పరిచయస్తుల మామిడితోట ఉన్నది. వారి అనుమతి ముందే తీసుకున్నాము. ఎక్కడ బస చేసినా స్థలం యజమానిని అడగడం, ఊరివారికి చెప్పడం మన బాధ్యతే కాక మన భద్రత కూడా.

ఏది పెట్టాము, ఏది వద్దనుకున్నాము

సర్దడం దాదీమా మందుల పెట్టెతోనే మొదలయింది. ఇన్సులిన్ పెన్ను, సూదులు, గ్లూకోమీటరు, దాని పట్టీలు, చక్కెర హఠాత్తుగా పడిపోతే ఇవ్వడానికి గ్లూకోజు పొడి, అన్నీ ఒకే డబ్బాలో. వాడుకలో ఉన్న పెన్నును 30 డిగ్రీలకు మించని వేడిలో సుమారు నాలుగు వారాలు ఫ్రిజ్ లేకుండానే ఉంచవచ్చు. రకాన్ని బట్టి గడువు మారుతుంది గనుక పెట్టె మీద చదివి, వైద్యుని అడగాలి. డిసెంబరులో వేడి బెంగ లేదు. తలుపులు మూసి ఎండలో నిలిపిన కారులో మాత్రం వదలరాదు, మంచుగడ్డకు ఆనించరాదు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. ఈ డబ్బాను ట్రంకులో పెట్టలేదు. పదిహేనేళ్ళ మనవరాలు తన సంచిలో పెట్టుకుని, అది తన అమానత్ అని చెప్పింది.

తరువాత పడక. కొండల దగ్గర డిసెంబరు రాత్రి చలి పై నుండి కంటే నేల నుండి ఎక్కువగా ఎక్కుతుంది. కాబట్టి కప్పుకునే రగ్గులు పెంచడం కంటే కింద పరుచుకునేవి సరిగా ఉండడం ముఖ్యం. ముందు బరకం, దానిపై చాప, దానిపై గొంగళి. పరుపులు ఇంట్లోనే ఉండిపోయాయి. గుడారాలు రెండు, ఒకటి ఆడవారికి, చిన్నపిల్లలకు, ఇంకొకటి మగవారికి. రెంటినీ ముందురోజే మా డాబా మీద ఒకసారి వేసి చూసుకున్నాము. ఒక గుడారానికి రెండు మేకులు తక్కువని అక్కడే తెలిసింది. చీకటిలో తాటిపూడి వద్ద తెలిసి ఉంటే ఏమి చేసేవారమో!

తోటలో పొదలు, గడ్డి ఉంటాయి. అక్కడి నలుసంత పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం మన ప్రాంతంలోనూ కనిపిస్తున్నది. అందుకే ప్రతి సంచిలో పొడుగు చేతుల చొక్కా, పొడుగు పైజామా, మేజోళ్ళు ఉండితీరాలన్నాము. బట్టలు పొదల మీద ఆరవేయరాదని, చెప్పులు, బూట్లు దులపకుండా తొడగరాదని పిల్లలకు చెప్పాము. తిరిగి వచ్చాక రెండు, మూడు వారాల లోపల జ్వరం వస్తే, ముఖ్యంగా ఒంటి మీద నల్లని చెక్కు కట్టిన చిన్న పుండు కనిపిస్తే, ఆరుబయట పడుకున్నామని వైద్యునికి తప్పక చెప్పాలి. సమయానికి గుర్తిస్తే మందులకు లొంగే జ్వరమే అది. దోమతెరలు, ప్రతి ఒక్కరికి ఒక టార్చి కూడా పెట్టుకున్నాము.

తిండి విషయంలో పెద్ద చర్చ జరిగింది. బిర్యానీ లేని విహారమా అని పిల్లలు గోల చేశారు. వంద కిలోమీటర్లు పచ్చి మాంసాన్ని మోసి, మంచుపెట్టె లేని చోట వండడం మంచిది కాదని నచ్చజెప్పాము. బియ్యం, పెసరపప్పు, పసుపు, ఉప్పు కొలత ప్రకారం కలిపి ఒకే సంచిలో కట్టాము. నీళ్ళు పోసి పొయ్యి మీద పెడితే ఖిచిడీ. ఉదయం అంబలికి చోడిపిండి. నమలడానికి పలాస జీడిపప్పు, భీమాళి మామిడి తాండ్ర, ఖర్జూరాలు. మన రెండు జిల్లాలే మన దారిబత్తెం కట్టి ఇచ్చినట్లయింది. తాగడానికి మనిషికి రోజుకు మూడు లీటర్లు లెక్కవేసి ఇరవై లీటర్ల క్యాన్లు రెండు.

దాదీమా తనకోసం అడిగినవి రెండే. పొందూరు ఖద్దరు దుప్పటి ఒకటి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి వడికే ఆ నూలు పలుచన, తేలిక. మడిస్తే చేతి సంచిలో ఇమిడిపోతుంది, పరిస్తే నమాజుకు జానమాజు, కప్పుకుంటే శాలువా. రెండవది ఆమె పెళ్ళినాటి బుడితి ఇత్తడి లోటా. "ఇంత బరువు ఎందుకు దాదీమా, ప్లాస్టిక్ మగ్గు ఉన్నది కదా" అన్నాడు మనవడు. "మగ్గు నీళ్ళు పోస్తుంది, లోటా నీళ్ళు కొలుస్తుంది" అన్నారామె. ఆ మాట అర్థం అక్కడికి వెళ్ళాక గాని మాకు బోధపడలేదు.

ప్రయాణం, నమాజు, దిక్కు

శనివారం ఫజ్ర్ నమాజు కాగానే బయలుదేరాము. ట్రంకు పెట్టె ఒకటి, సంచులు తొమ్మిది. చిన్నవాడి సంచిలో ఒక జత బట్టలు, ఒక బంతి మాత్రమే ఉన్నాయి. అయినా తానే మోసుకుని మెట్లు దిగాడు. రణస్థలం మీదుగా జాతీయ రహదారిన వెళ్ళి, నాతవలస వద్ద విజయనగరం వైపు తిరిగి, అక్కడి నుండి గంట్యాడ దారి పట్టాము. కోత కోసిన వరి మళ్ళలో పొగమంచు ఇంకా లేవలేదు.

బయలుదేరే ముందే మా మస్జిద్ ఇమాము గారిని ఖస్ర్ నమాజు గురించి అడిగి తెలుసుకున్నాము. మన ప్రాంతపు హనఫీ ఉలమా సాధారణంగా చెప్పే లెక్క 48 మైళ్ళు, అంటే సుమారు 77 కిలోమీటర్లు. ఊరి పొలిమేర దాటి అంతకు మించిన దూరం వెళ్తూ, పదిహేను రోజుల కంటే తక్కువ ఉండదలచినవారు నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చదువుతారు. ఫజ్ర్, మగ్రిబ్ మారవు. స్థానిక ఇమాము వెనుక చదివితే పూర్తిగానే చదవాలి. ప్రయాణ సామానులో ఇటువంటి విషయాలు కూడా ముందుగానే సర్దుకోవలసినవే.

సాయంత్రం మగ్రిబ్ వేళ రెండు పొరపాట్లు తప్పాయి. జలాశయానికి అవతల కొండలు. సూర్యుడు కొండ వెనుకకు జారగానే పిల్లలు అజాన్ ఇవ్వడానికి లేచారు. కొండ చాటున పడినంత మాత్రాన సూర్యుడు అస్తమించినట్లు కాదు. నమాజు వేళల పట్టిక తెచ్చుకున్నాము గనుక ఆగగలిగాము.

రెండవది ఖిబ్లా. సూర్యుడు దిగిన వైపే పడమర అనుకుని అందరం అటే చాపలు పరిచాము. పదిహేనేళ్ళ అమ్మాయి అడ్డుపడింది. డిసెంబరులో సూర్యుడు మన ప్రాంతంలో సరిగ్గా పడమట అస్తమించడు. దాదాపు 24 డిగ్రీలు దక్షిణానికి వాలి అస్తమిస్తాడు. మక్కా మాత్రం మనకు పడమటి నుండి సుమారు 12 డిగ్రీలు ఉత్తరాన ఉన్నది. రెండూ కలిపితే మేము 36 డిగ్రీలు పక్కకు తిరిగి ఉన్నాము! చీకటి పడ్డాక ధ్రువనక్షత్రం చూపించి ఆ అమ్మాయే వివరించింది. ఖిబ్లా వైపు నిలబడితే ఆ నక్షత్రం మన కుడిచేతి పక్కన, కాస్త ముందుకు ఉండాలి. ఫోనులో చార్జి అయిపోయినా ఆకాశంలో చార్జి అయిపోదు.

ఇంటి వద్ద ఖిబ్లాను సరిచూసుకోదలచినవారికి ఇంకొక తేలిక మార్గం ఉన్నది. ఏటా మే 27, 28 తేదీల్లో మన గడియారం ప్రకారం మధ్యాహ్నం సుమారు 2:48కి, జూలై 15, 16 తేదీల్లో సుమారు 2:57కి సూర్యుడు సరిగ్గా కాబా మీద ఉంటాడు. ఆ క్షణాన నేల మీద నిట్టనిలువుగా ఒక కర్ర పాతి, నీడ కొస నుండి కర్ర మొదలు వైపు చూస్తే అదే ఖిబ్లా.

ఒక లోటా నీళ్ళు

వుజూ వేళ దాదీమా లోటా బయటికి వచ్చింది. ప్రవక్త (సఅసం) ఒక ముద్ద్ నీటితో వుజూ చేసేవారని హదీసుల్లో ఉన్నది. ఈనాటి కొలతలో అది సుమారు ముప్పాతిక లీటరు లోపే. దాదీమా లోటాలో పట్టేది కూడా దాదాపు అంతే. ఎదురుగా కొండల మధ్య అంత నీరు నిండి ఉండగా పిల్లలు ఒక్కొక్కరు ఒక్క లోటాతో వుజూ ముగించాలన్నది ఆమె పెట్టిన పందెం. మొదటివాడికి కాళ్ళ వరకు వచ్చేసరికి నీళ్ళు అయిపోయాయి. ఇంట్లో కుళాయి కింద అదే పనికి ఎన్ని లోటాలు పారబోస్తున్నామో అప్పుడు తెలిసింది. పెద్దవారం కూడా ప్రయత్నించాము. మాలో ఇద్దరు ఓడిపోయారు.

ఆ నీరు మా ఒక్కరిది కాదు. తాటిపూడి నీటిని విశాఖపట్నం నగరం తాగుతున్నది. కాబట్టి గిన్నెలు కడిగిన నీటిని జలాశయంలో కలపలేదు, దూరాన నేల మీదనే పారబోశాము. కాలకృత్యాలకు నీటి అంచు నుండి కనీసం రెండు వందల అడుగుల దూరంలో, చుట్టూ బరకం మరుగు కట్టి, గునపంతో జానెడు లోతు గుంటలు తీసి, తిరిగి మట్టి కప్పాము. నిలువ నీటిలో, దారుల్లో, మనుషులు కూర్చునే నీడల్లో మలినం చేయరాదని మన ధర్మం ఏనాడో చెప్పింది. అందుకే ట్రంకులో గునపానికి చోటు ఇచ్చాము.

వంట వేళ అసలు పరీక్ష వచ్చింది. అన్నీ పెట్టామనుకున్న పెట్టెలో గరిటె లేదు, చాకు లేదు. కోడళ్ళిద్దరికీ అది ఉదయాన్నే తెలుసు. షరతు ప్రకారం గుర్తు చేయలేదు. ఉల్లిపాయలను చేతులతో చీల్చి, ఖిచిడీని స్టీలు గ్లాసుతో కలిపాము. అడుగంటింది. పై భాగం తిన్నాము, అడుగున ఉన్నది గీకి గీకి కడిగాము. గరిటె, చాకు, మసిగుడ్డ, ఉప్పు వంటివి ఏ ప్రయాణంలోనైనా వాటంతట అవే పెట్టెలోకి వచ్చేవని ఇన్నాళ్ళు అనుకున్నాము. వాటిని ఒకరు తమ మనసులో మోస్తూ వచ్చారని ఆ రాత్రి తెలిసింది. సంచి బరువు భుజం మీద ఉంటే పదిమందికి కనిపిస్తుంది. ఈ బరువు ఎవరికీ కనిపించదు.

భోజనాలయ్యాక పెద్ద కోడలు అలవాటుగా పళ్ళేలు ఏరడానికి లేచారు. "కూర్చో బేటీ" అన్నారు దాదీమా. ఆమె కూర్చున్నారు. కొంతసేపటికి నవ్వుతూ, "ఈ చేతులతో ఏం చేయాలో తోచడం లేదు అమ్మీ" అన్నారు. దాదీమా ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని చాలాసేపు అలాగే ఉంచుకున్నారు. పెళ్ళయి పదిహేడేళ్ళయినా ఆమెకు మేము ఒక్క సాయంత్రం కూడా ఇవ్వలేదని అప్పుడు లెక్క తేలింది.

నిద్రకు ముందు నెగడు మీద నీళ్ళు పోసి, బూడిదను కలియబెట్టి, మళ్ళీ నీళ్ళు పోసి చేతితో తాకి చూశాము. రాత్రి నిప్పు ఆర్పి, పాత్రలు మూసి పడుకోవాలన్న ప్రవక్త (సఅసం) ఆదేశం గుడారంలో పడుకునేవారికి అక్షరాలా ప్రాణరక్ష. గుడారం లోపల బొగ్గుల కుంపటి పెట్టుకోవడం ఎన్నటికీ చేయరాదు. దాని పొగ కంటికి కనిపించకుండానే ప్రాణం తీస్తుంది.

తిరుగు ప్రయాణం

ఫజ్ర్‌కు దాదీమా మా అందరికంటే ముందే లేచారు. కోడళ్ళిద్దరూ ఆమెతో కలిసి నమాజు ముగించి, రగ్గులు కప్పుకుని నీటి ఒడ్డున కూర్చున్నారు. కొండల మీద నుండి పొగమంచు నెమ్మదిగా దిగి నీటి మీద పరుచుకున్నది. ముగ్గురూ ఏమి మాట్లాడుకున్నారో మాకు తెలియదు. మేము చోడి అంబలి కాస్తూ ఉన్నాము. ఈసారి అడుగంటలేదు.

బయలుదేరే ముందు పిల్లలు చెత్తను ఏరి ఒక సంచిలో కట్టారు. మాది కాని ప్లాస్టిక్ సీసాలు కూడా అందులో చేరాయి. దారిలో నుండి బాధ కలిగించేదాన్ని తొలగించడం కూడా సదకాయే కదా అన్నాడు చిన్నవాడు. మదరసాలో విన్న పాఠం అతనికి మామిడితోటలో పనికివచ్చింది.

ఇంటికి చేరాక మగవారం మస్జిద్‌కు వెళ్ళి రెండు రకాతుల నఫిల్ చదువుకుని వచ్చాము. ప్రయాణం నుండి తిరిగి రాగానే అలా చేయడం సున్నత్. తిరిగి వచ్చేసరికి చూస్తే ట్రంకు ఇంకా గుమ్మంలోనే మూసి ఉన్నది. మసి పట్టిన గిన్నెలు లోపలే ఉన్నాయి. వాటిని ఎవరూ ముట్టుకోలేదు. షరతు ఇంకా ముగియలేదని మాకు అర్థమయింది. చొక్కా చేతులు మడిచి కూర్చుని తోమాము.

ఆ రాత్రే ట్రంకు మూత లోపలి వైపు ఒక కాగితం అంటించాము. మొదటి వరుస దాదీమా మందులు, సూదులతో సహా. గరిటె, చాకు, మసిగుడ్డ కోడళ్ళు చెప్పగా పెద్దన్న రాశారు. గుడారం మేకుల లెక్క తమ్ముడు రాశాడు. ధ్రువనక్షత్రం బొమ్మ అమ్మాయి గీసింది. 'బంతి' అని చిన్నవాడు వంకర అక్షరాలతో రాశాడు. ఇన్నాళ్ళు ఇద్దరి మనసుల్లో ఉన్న జాబితా ఇప్పుడు తొమ్మిది మంది కళ్ళ ముందు ఉన్నది. రేపు విహారానికి వెళ్ళినా, అల్లాహ్ కాపాడుగాక, మరొక తుఫాను వచ్చినా, ఆ పెట్టెను ఎవరైనా సర్దగలరు.

కాగితం అడుగున కొంత ఖాళీ వదిలాము. మరునాటి ఉదయం చూస్తే అక్కడ పెద్ద కోడలి చేతివ్రాతలో ఒక ప్రశ్న ఉన్నది: "మళ్ళీ ఎప్పుడు?"